నఫఖా బాకీ

పంజాగుట్ట అనే మాటలో సగం ఉర్దూ, సగం తెలుగు. పంజా అంటే అరచెయ్యి. గుట్ట సంగతి చెప్పక్కర్లేదు. పక్కనున్న అమీర్ పేట కూడా అంతే. అమీరె కబీర్ బిరుదున్న పాయిగా నవాబుల పేరు మీద వెలసిన పేట అది. కొంచెం పైకెళితే ఇరమ్ మంజిల్. ఉర్దూలో ఇరమ్ అంటే స్వర్గం. తెలుగు నోట్లో అది ఎర్రమంజిల్ అయింది. ఎవరూ తగువుపడలేదు. ఇన్ని మాటలు పంచుకున్న రెండు భాషల్లోనూ ఒక్కదానికి మాత్రం మాట లేదు. తండ్రి చనిపోయిన బిడ్డ యతీమ్. తెలుగులో తండ్రి లేని బిడ్డ, దిక్కులేని బిడ్డ. మరి తండ్రి బతికే ఉండి జైల్లో ఉన్న బిడ్డని ఏమనాలి? బస్తీల్లో ఒక మాట ఉందిగాని, అది పేరు కాదు, తిట్టు.

పేరు లేనిదానికి లెక్క ఉండదు. యతీములకి యతీమ్ ఖానాలున్నాయి. నాంపల్లిలో అనీసుల్ గుర్బా ఉంది. జకాత్ లో వాళ్లకో హక్కుందని ఖుత్బాలో చెప్తారు. జైలుకెళ్లినవాడి పిల్లలు మాత్రం ఆ వరసలో ఎక్కడా నిలబడరు. వాళ్లకి తండ్రున్నాడు కదా అంటారు. ఉన్నాడు, నిజమే. పంజాగుట్ట స్టేషన్ లో కేసు, నాంపల్లి కోర్టులో రిమాండు, చంచల్ గూడలోనో చర్లపల్లిలోనో ఖైదు. వాళ్లమ్మ అమీర్ పేట వెనక అపార్ట్ మెంట్లలో నాలుగిళ్లలో పని చేస్తుంది. ములాఖత్ కి వెళ్లాలంటే ఆ రోజు నాలుగిళ్లూ నాగా. బస్సు ఖర్చు, లోపల ఆయన చేతి ఖర్చుకి కట్టే డబ్బు, వకీలు మనిషికి చాయ్ పానీ. అంటే తండ్రి నుంచి ఇంటికి రావాల్సిన ఖర్చా ఆగిపోవటం ఒక్కటే కాదు, ఇంటినుంచి తండ్రికి ఖర్చా మొదలవుతుంది. ఈ రెండో లెక్కని చట్టం పుస్తకాల్లో ఎవరూ వెయ్యలేదు.

ఇంతకీ ఆ పిల్లల అన్నం ఎవరి బాధ్యత?

మనవాళ్లు ముందు షరియత్ అంటారు గనక ముందు అక్కడికే వెళ్దాం. బిడ్డ నఫఖా, అంటే తిండీ బట్టా నీడా, తండ్రి మీద వాజిబ్. తల్లికి తలాఖ్ ఇచ్చినా, బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతున్నా అది తండ్రి బాధ్యతే. ఇది మన బస్తీల్లో చదువురాని నానీమాకి కూడా తెలుసు. తెలియంది ఇంకోటుంది. పన్నెండో శతాబ్దంలో మర్గినానీ రాసిన హిదాయా హనఫీ ఫిఖాకి పెద్ద దిక్కు. అందులో ఖాజీ ఎవర్ని జైల్లో పెట్టొచ్చో చెప్పే చోట ఒక విచిత్రమైన తేడా ఉంది. కొడుక్కి బాకీపడ్డ తండ్రిని ఆ బాకీ కోసం జైల్లో పెట్టకూడదు. కానీ చిన్నబిడ్డకి అన్నం పెట్టనన్న తండ్రిని పెట్టొచ్చు. మామూలు బాకీ ఆగుతుంది, ఆకలి ఆగదు అన్నదే అందులోని తర్కం. భర్త ఖైదులో ఉంటే భార్యకివ్వాల్సిన నఫఖా రద్దు కాదన్నది కూడా ఆ ఫిఖాలోని మాటే. అడ్డం వచ్చింది అతని వైపునుంచి గనక బాధ్యత అతని మీదే ఉంటుంది. డబ్బు అందకపోతే భర్త పేరు మీద అప్పు తెచ్చుకొమ్మని ఖాజీ ఆమెకి హుకుం ఇవ్వొచ్చు. ఆ అప్పు అతనే తీర్చాలి. తండ్రి నిజంగా చేతకానివాడైతే తాత దగ్గరికో, స్తోమతున్న తల్లి దగ్గరికో భారం వెళ్తుంది. అంతేగాని బిడ్డని మధ్యలో వదిలెయ్యటం అనేది ఆ లెక్కలో లేదు.

ఈ పుస్తకాన్నే వారన్ హేస్టింగ్స్ పురమాయిస్తే ఛార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి దించాడు. 1791లో అచ్చయింది. ఇంగ్లీషు జడ్జీలకి ముస్లిం లా అంటే ఆ పుస్తకమే అయింది. ఐతే ఖాజీ చేతిలో ఉన్న వెసులుబాటు, అప్పు తెచ్చుకొమ్మనటం, తాతని పిలవటం, బంధువుల్ని కూర్చోబెట్టటం, ఇవేవీ పుస్తకంతోపాటు కోర్టుకి రాలేదు. ఫిఖాలో శిక్ష ఉంది, దాని చుట్టూ బంధువుల వల ఉంది. వల పోయింది, శిక్ష మిగిలింది.

ఆ శిక్షే మళ్లీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ లో కొత్త బట్టలేసుకుని వచ్చింది. 1898 కోడ్ లో అది 488వ సెక్షన్. తెల్లదొరకి మన పిల్లల మీద ప్రేమ పుట్టి రాసింది కాదు. భార్యాబిడ్డలు వీధిన పడి బిచ్చమెత్తితే, దొంగతనానికి దిగితే శాంతిభద్రతల సమస్య గనక, ముందే భర్త మెడ పట్టుకోవటం. అందుకే అది సివిల్ చట్టంలో కాకుండా పోలీసుల పుస్తకంలో ఉంది. నెలకి 50 రూపాయలకి మించకూడదని అప్పట్లో హద్దు పెట్టారు. నిజాం రాజ్యంలో మన చట్టాలు వేరు. 1951లో ఇండియా కోడ్ హైద్రాబాద్ రాష్ట్రానికీ వర్తించింది. 1955లో హద్దు 500 చేశారు. 1974 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన కొత్త కోడ్ లో 488 కాస్తా 125 అయింది, 500 మాత్రం 500గానే ఉంది. 2001లోగాని ఆ హద్దు ఎత్తెయ్యలేదు. అప్పటికి 500తో ఏమొస్తుందో ఇల్లు నడిపేవాళ్లకి చెప్పక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి 125 కూడా పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 వచ్చింది. నంబరు మారిందిగాని సరుకు అదే.

ఆ సరుకేమిటో చూడండి. స్తోమతుండీ భార్యనీ బిడ్డల్నీ పట్టించుకోనివాడికి మేజిస్ట్రేటు మనోవర్తి వేస్తాడు. సరైన కారణం లేకుండా కట్టకపోతే ఒక్కో నెల బాకీకి ఒక్కో నెల దాకా జైలు. జైలుకెళ్లొస్తే బాకీ తీరినట్టేనా? చాలామంది మగవాళ్లు అలాగే అనుకుంటారు. 'లోపల కూచునొచ్చాను, ఇంకేం కట్టాలి' అంటారు. 1989లో సుప్రీంకోర్టు ఆ భ్రమ తీసేసింది. జైలు అనేది వసూలు చేసే పద్ధతి మాత్రమే, చెల్లింపు కాదు. డబ్బు కడితేనే బాకీ తీరుతుంది. న్యాయం ప్రకారం సరైన మాటే. కానీ ఆటో నడిపేవాడినో మేస్త్రీ దగ్గర రోజుకూలీకి పోయేవాడినో నెల రోజులు లోపలేస్తే ఆ నెల కూలి పోతుంది, బాకీ ఇంకో నెల పెరుగుతుంది. డబ్బుండీ కట్టనివాడికి ఈ మందు పనిచేస్తుంది. వాడు జైలు గేటు చూడగానే కట్టేస్తాడు. లేనివాడికి మందే రోగం. వీళ్లిద్దర్నీ ఒకే కత్తెరతో కత్తిరిస్తున్నారు.

ఇంకో మెలిక ఉంది. బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాది లోపల వసూలుకి దరఖాస్తు పెట్టుకోవాలి. రెండేళ్లు రిమాండులో ఉన్నవాడి భార్య, 'ఆయన ఎలాగూ లోపలున్నాడు, ఇప్పుడడిగి ఏం లాభం, బయటికొచ్చాక చూద్దాం' అనుకుని ఊరుకుంటుంది. పాపం అది మంచితనం. బయటికొచ్చేసరికి మొదటి ఏడాది బాకీ ఈ దారిన వసూలుకి రాకుండా పోతుంది. ఈ ముక్క వాళ్లకి చెప్పే వకీళ్లు చాలా తక్కువ.

ఇక 1985. షాబానో పేరు వింటేనే మనవాళ్లలో సగంమందికి కోపం, మిగతా సగానికి సిగ్గు. ఆ కేసులో హైకోర్టు వేసింది నెలకి 179 రూపాయల 20 పైసలు. దాని మీద దేశమంతా వీధుల్లోకొచ్చింది. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తలాఖైన ముస్లిం స్త్రీల చట్టం తెచ్చింది. ఆ గొడవలో అందరూ తల్లి గురించే మాట్లాడారు. బిడ్డ గురించి చట్టం అన్నది ఒకే ఒక్క మాట. పుట్టిన తేదీ నుంచి రెండేళ్లదాకా బిడ్డ పోషణకి తల్లికి న్యాయమైన ఖర్చు ఇవ్వాలి. రెండేళ్లంటే పాలు మాన్పించే వయసు. ఆ తర్వాత? కొందరు తండ్రులు, కొందరు వకీళ్లు ఇదే సందని దూరారు. రెండేళ్లు దాటాయి, ఇక మా బాధ్యత లేదన్నారు. షరియత్ ని కాపాడుతున్నామని జెండాలెత్తిన మనం, షరియత్ బిడ్డకిచ్చిన హక్కుని కోర్టులో మన మగవాళ్లే తగ్గించి చెప్తుంటే ఎందుకు ఊరుకున్నాం? 1997లో సుప్రీంకోర్టు ఆ సందు మూసింది. బిడ్డల హక్కు వేరు, తలాఖైన తల్లి హక్కు వేరు. 1986 చట్టం వచ్చినా బిడ్డలకి 125వ సెక్షన్ ఎక్కడికీ పోలేదు. మైనారిటీ తీరేదాకా, ఆడపిల్లకైతే నిఖా అయ్యేదాకా తండ్రే చూడాలి. ఆ తీర్పు ముస్లిం లాని పక్కకి నెట్టలేదు, ముస్లిం లాలోనూ ఇదే ఉందని చెప్పింది. 2001లో దానియల్ లతీఫీ కేసు తల్లి వైపు కొంత సరిచేసింది. 2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో తలాఖైన ముస్లిం స్త్రీకీ 125 వర్తిస్తుందని జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ తేల్చారు. ఆ కేసు మన హైద్రాబాద్ ఫ్యామిలీ కోర్టులో మొదలైందే. అక్కడ నెలకి 20 వేలు వేస్తే హైకోర్టు 10 వేలు చేసింది. షాబానో నుంచి ముప్ఫై తొమ్మిదేళ్లు పట్టింది.

తీర్పులన్నీ ఇలా తల్లీబిడ్డల వైపు నడుస్తుండగా 2019లో ఇంకో చట్టం వచ్చింది. మూడు తలాఖులు ఒక్కసారి చెబితే చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు అప్పటికే చెప్పేసింది. చెల్లని మాట అన్నవాడికి మూడేళ్లదాకా జైలు అని చట్టం చేశారు. నాలుగో సెక్షన్ తండ్రిని జైలుకి పంపుతుంది. ఐదో సెక్షన్ ఆ తండ్రే భార్యకీ తనమీద ఆధారపడ్డ పిల్లలకీ బతకటానికి భత్యం ఇవ్వాలంటుంది. ఆరో సెక్షన్ చిన్నపిల్లల్ని తల్లికప్పగిస్తుంది. నాలుగుకీ ఐదుకీ మధ్య ఏముందో ఎవరూ చెప్పలేదు. లోపలున్నవాడు ఎక్కణ్నుంచి తెచ్చిస్తాడని హైద్రాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ లోక్ సభలో అడిగాడు. ఒవైసీ రాజకీయాలతో నాకు పేచీలున్నాయి, అవి వేరే చోట రాసుకుంటాను. ఈ ప్రశ్న మాత్రం న్యాయమైన ప్రశ్న. జవాబు రాలేదు. కావాలంటే ప్రభుత్వం ఒక నిధి పెట్టొచ్చు, ముందు తనిచ్చి తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవచ్చు. హిదాయాలో ఖాజీ చేసింది కూడా దాదాపు అదే కదా! అలాంటిదేమీ చట్టంలో లేదు.

నాకు తెలిసిన స్త్రీవాద మిత్రులు కొందరు, 'ఐతే మూడు తలాఖులు చెప్పినవాణ్ని ఒళ్లో కూచోబెట్టుకోవాలా' అంటారు. అక్కర్లేదు. ఆ మాట చెప్పి ఆడదాన్ని నడివీధిలో నిలబెట్టినవాడి మీద నాకు జాలి లేదు. కానీ భార్యని వదిలేసి వెళ్లిపోయిన హిందువు మీదో క్రైస్తవుడి మీదో కేవలం వదిలేసినందుకు జైలు లేదు. వాళ్ల పిల్లల తండ్రి బయటుండి సంపాదిస్తాడు, మనోవర్తి వసూలు చేసుకోవచ్చు. మన పిల్లల తండ్రిని మాత్రం లోపలేసి, తర్వాత జేబు వెతుకుతారు. ఫిర్యాదు చేస్తే పిల్లల తిండి పోతుంది, చెయ్యకపోతే తన పరువు పోతుంది. ఆమెని ఈ రెంటి మధ్య నిలబెట్టి, నీకు విముక్తి ఇచ్చామంటే ఆమె ఎవరికి మొక్కాలి?

ఇంతవరకూ తండ్రి తప్పు చేశాడనుకున్నాం. రాజ్యం తప్పు చేస్తే?

వలస ప్రభుత్వం చేసిన ఒక దుర్మార్గపు చట్టముంది. బెంగాల్ 1818 మూడో రెగ్యులేషన్. విచారణ లేకుండా మనిషిని ఎన్నాళ్లైనా బంధించొచ్చు. ఐనా ఆ రెగ్యులేషన్ లో, బంధించినవాడి హోదాకీ అతని కుటుంబ పోషణకీ ఇస్తున్న భత్యం సరిపోతోందా లేదా అని అధికారి పైకి నివేదించాలని రాసుంది. పెద్దమనుషుల్నీ రాజకుటుంబాలవాళ్లనీ ఉద్దేశించి రాసుకున్నదే కావచ్చు. కానీ సంపాదించేవాణ్ని విచారణ లేకుండా ఎత్తుకుపోయిన రాజ్యం వెనకున్న కుండకి జవాబుదారీ అన్న ఎరుక ఆ కాగితంలో ఉంది. దాన్ని పక్కనబెట్టుకుని 1986 నాటి మన ముందస్తు నిర్బంధ చట్టం చదవండి. గూండాలు, సారా వ్యాపారులు, డ్రగ్స్ నేరస్తులు అంటూ ఆంధ్రప్రదేశ్ చేసి, తెలంగాణకి వారసత్వంగా వచ్చిన చట్టం. ఏడాదిదాకా బంధించొచ్చు. కుటుంబం ఊసు లేదు. 2023 సెప్టెంబర్ లో హైద్రాబాద్ వాసి ఒకాయన కోసం ఆయన భార్య సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ నిర్బంధాన్ని కొట్టేస్తూ, తెలంగాణ పోలీసులు ఈ చట్టాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని కోర్టు మందలించింది. మనిషి బయటపడ్డాడు. లోపలున్న నెలల ఖర్చా ఎవరిస్తారని అడిగే సెక్షన్ లేదు గనక ఎవరూ అడగలేదు.

1948 సెప్టెంబర్ ని కూడా ఇక్కడే తలుచుకోవాలి. పోలీసు యాక్షన్ లో, ఆ తర్వాత 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయారని పండిట్ సుందర్ లాల్ కమిటీ అంచనా. చచ్చినవాళ్ల లెక్క గురించి ఇప్పుడైనా కాస్త మాట్లాడుకుంటున్నాం. రజాకార్లైనా కాకపోయినా జైళ్లలో పడ్డ వేలమంది మగవాళ్ల ఇళ్లు ఎలా గడిచాయో మన చరిత్రలో పేజీ లేదు. ఉస్మానాబాద్, బీదర్, నాందేడ్ వైపునుంచి బుర్ఖాల్లో మూటలు దాచుకుని నగరానికొచ్చిన తల్లులు కుట్టుపని చేసి, పాందాన్లు అమ్ముకుని పిల్లల్ని సాకారు. వాళ్ల భర్తలు సంవత్సరాల తర్వాత తిరిగొచ్చి మళ్లీ ఇంటి యజమానులైపోయారు. ఆ మధ్యకాలపు నఫఖా బాకీ ఎవరి మీద రాయాలి?

2007 మే 18 మక్కా మసీదు పేలుడు మనందరికీ గుర్తే. నమాజుకెళ్లి చచ్చిందీ మనవాళ్లే, ఆ తర్వాత పోలీసులు ఎత్తుకుపోయిందీ మనవాళ్లనే. చిత్రహింసలు పెట్టారు. నెలల తరబడి జైల్లో పెట్టారు. కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. రాష్ట్ర ప్రభుత్వం నిర్దోషులుగా తేలిన 20 మందికి 3 లక్షల చొప్పున, పట్టుకెళ్లి వదిలేసిన మరో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. లోపలేసినందుకు తలకింత అని డబ్బు లెక్కగట్టటం మన రాష్ట్రంలో పెద్ద సంగతే. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం హక్కు కాదన్నది వాదన. మనోవర్తి కట్టనివాడికి బాకీ బతికే ఉంటుంది, అన్యాయంగా లోపలేసిన రాజ్యానికి బాకీయే పుట్టదు. ఈ రెండు సూత్రాలూ ఒకే కోర్టుల్లో నడుస్తున్నాయి.

తల్లే జైలుకెళ్తే సంగతి ఇంకో రకం. అక్కడ డబ్బు బాకీ ప్రశ్న రాదు, బిడ్డే తల్లితో లోపలికెళ్తాడు. చంచల్ గూడ ఆడవాళ్ల జైల్లో తల్లుల చంకన పిల్లలుంటారు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వెర్సస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అన్న కేసులో 2006 ఏప్రిల్ లో సుప్రీంకోర్టు వాళ్ల గురించి నియమాలు పెట్టింది. ఆరేళ్లదాకా తల్లి దగ్గర ఉండొచ్చు. బిడ్డ ఖైదీ కాదు, ఖైదీలా చూడకూడదు. తిండి, వైద్యం, క్రెష్ ఇవ్వాలి. జైల్లో పుట్టినా పుట్టిన సర్టిఫికెట్ లో జైలని రాయకూడదు. ఈ ఆఖరి ముక్క రాసిన చేతికి సలాం. ఐతే ఆరో పుట్టినరోజు తర్వాత బిడ్డ బయటికొస్తాడు, బంధువుల దగ్గరికో హాస్టల్ కో. వారానికోసారైనా తల్లిని చూపించాలన్నారు. లోపలున్నన్నాళ్లు అన్నం సర్కారుది. గేటు దాటిన క్షణం నుంచి అది ఎవరిదన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

జైల్లో పని చేస్తే కూలి ఇస్తారు కదా, అందులోంచి పంపొచ్చు కదా అని అడుగుతారు. 1998లో సుప్రీంకోర్టు ఖైదీకి న్యాయమైన కూలి ఇవ్వాలంది. అదే తీర్పులో, ఆ కూలిలో కొంత నేరానికి బలైనవాళ్లకి తియ్యమని కూడా అంది. బాధితులకి ఇవ్వటం న్యాయమే. ఖైదీ బిడ్డ కూడా ఒక రకం బాధితుడేనన్న ఆలోచన అక్కడ రాలేదు. పైగా కూలి శిక్షపడ్డవాడి సంగతి. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణలో ఉన్నవాళ్లే. వాళ్లకి పని తప్పనిసరి కాదు, కూలీ లేదు. ఆ 75 మందిలో ముస్లింల వాటా జనాభాలో మన వాటాకంటే ఎక్కువని ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి. అందుకే ఇది అందరి పిల్లల సమస్యైనా మన బస్తీల్లో ఎక్కువ తగులుతుంది.

అమెరికాలో ఇదే గొడవ ఇంకో రూపంలో నడిచింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో జైలుకెళ్లటాన్ని కావాలని ఉద్యోగం మానుకోవటంగా లెక్కేసి, లోపలున్నా బాకీ పెంచుతూ పోయేవారు. బయటికొచ్చేసరికి కట్టలేనంత అప్పు, కట్టలేక మళ్లీ జైలు. ఎక్కువ దెబ్బ తిన్నది నల్లవాళ్లే. 2016 డిసెంబర్ లో అక్కడి కేంద్ర ప్రభుత్వం అలా లెక్కెయ్యకూడదని నియమం తెచ్చింది. బాకీ తగ్గించమని అడిగే దారి తెరిచింది. తండ్రికి కొంత ఊపిరాడింది. బిడ్డ పళ్లెంలో ఏం పడిందన్నది వేరే సంగతి. ఆ వైపు ఆలోచించింది మన దేశంలో రాజస్థాన్. 2005లో మొదలైన అక్కడి పాలన్ హార్ పథకంలో ఉరిశిక్షో యావజ్జీవమో పడ్డవాళ్ల పిల్లల్ని కూడా చేర్చుకుని, పెంచేవాళ్లకి నెలనెలా డబ్బిస్తున్నారు. ఢిల్లీ 2014లో జైల్లో ఉన్నవాళ్ల పిల్లల కోసమే ఒక పథకం పెట్టింది.

మనకి దొరికే దారి 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 45వ సెక్షన్. దాన్ని స్పాన్సర్ షిప్ అంటారు. మిషన్ వాత్సల్య కింద బిడ్డకి నెలకి 4 వేలు. ఎవరి పిల్లలకివ్వాలో సెక్షన్ లోనే రాశారు. తల్లి వితంతువైనా, విడాకులైనా, కుటుంబం వదిలేసినా. తల్లీతండ్రీ లేక బంధువుల దగ్గరున్నా. ప్రాణాంతకమైన జబ్బున్నా, ప్రమాదంలో పనికిరాకుండా పోయినా. జైలు అన్న మాట ఆ వరసలో లేదు. మనసున్న అధికారి వేరే దారిన చేర్చుకోవచ్చు. మనసు లేనివాడు ఫారం ముందు పెట్టి ఏ గడిలో టిక్కు పెట్టాలో నువ్వే చెప్పమంటాడు. ఆమె వితంతువు కాదు. తలాఖ్ కాలేదు. పోయిన ములాఖత్ లో జాలీ అవతలనుంచి 'పిల్లాడి ఫీజు కట్టావా' అని అడిగిన మనిషి గురించి, నన్ను వదిలేశాడని ఆమె రాయాలి.